పుట్టుకే అర్హత

బ్రిటన్‌లో వంశపారంపర్య ప్రభు బిరుదులకు ఐదు మెట్లు: డ్యూక్, మార్క్వెస్, ఎర్ల్, వైకౌంట్, బారన్. వీరికి దిగువన బారొనెట్ ఉంటాడు. అతను ప్రభువు కాడు గానీ, పేరు ముందు ‘సర్’ మాత్రం తరతరాలకూ ఖాయం. ఈ హోదాను 1611లో మొదటి జేమ్స్ రాజు ధర కట్టి మరీ ప్రవేశపెట్టాడు. ఆ ధర ఐర్లండ్‌లోని అల్‌స్టర్‌లో 30 మంది సైనికులను మూడేళ్లు పోషించే ఖర్చు, 1,095 పౌండ్లు. ముత్తాత కట్టిన రొక్కం మునిమనవడి నాటికి వంశగౌరవమైంది. రసీదు మాత్రం ఎవరూ పటం కట్టించుకోలేదు.

బిరుదు సాధారణంగా పెద్దకొడుకుది. సింహాసనం విషయంలో ఆడపిల్లను మగపిల్లవాడితో సమానం చేస్తూ 2013లో చట్టం వచ్చింది. అంటే తమ్ముడున్నా ఆడపిల్ల దేశాన్ని ఏలవచ్చు. తండ్రి ఎర్ల్ అయితే ఆ బిరుదు మాత్రం తమ్ముడిదే. దత్తపుత్రులకు, వివాహేతర సంతానానికి వారసత్వం లేదు. గ్రాఫ్టన్, రిచ్‌మండ్, సెయింట్ ఆల్బన్స్ డ్యూక్‌ల మూలపురుషులు రెండవ చార్లెస్ రాజుకు వివాహేతరంగా పుట్టిన కొడుకులే. పవిత్రత నియమం రెండో తరం నుంచి మొదలవుతుందన్నమాట.

ఒకప్పుడు బిరుదు వద్దన్నా వదిలేది కాదు. 1960లో తండ్రి మరణంతో వైకౌంట్ అయిపోయిన లేబర్ ఎంపీ టోనీ బెన్, అప్పట్లో ప్రభువులకు చోటులేని కామన్స్ సభలో సీటు కోల్పోయాడు. ఉప ఎన్నికలో ఓటర్లు మళ్లీ గెలిపించినా, కోర్టు ఓడిన అభ్యర్థికే సీటు కట్టబెట్టింది. బిరుదును వదులుకునే హక్కు 1963లో గానీ రాలేదు.

1999లో ప్రభువుల సభ నుంచి 600 మందికి పైగా వారసులను పంపేసి, 92 మందిని ఉంచారు. వారిలో ఖాళీలకు ఉప ఎన్నికలు పెట్టారు. 2016లో ఒక లిబరల్ డెమొక్రాట్ స్థానానికి అభ్యర్థులు ఏడుగురు, ఓటర్లు ముగ్గురు. మూడు ఓట్లూ వైకౌంట్ థర్సోకే. అంతకుముందు ఏడాదే కామన్స్ ఎన్నికల్లో ప్రజలు ఓడించిన నాయకుడాయన.

రాజకుటుంబం వెలుపల ఇలాంటి ప్రభు బిరుదు చివరిగా 1984లో మాజీ ప్రధాని హెరాల్డ్ మాక్మిలన్‌కు దక్కింది. 1983లో వైకౌంట్‌లైన ఇద్దరు రాజకీయ నాయకుల్లో విలియం వైట్‌లాకు నలుగురూ కూతుళ్లే. జార్జ్ థామస్ అవివాహితుడు. ఇద్దరి బిరుదులూ వారితోనే ముగిశాయి. వంశపారంపర్యాన్ని ఎవరినీ నొప్పించకుండా రద్దు చేసే పద్ధతి ఇదొక్కటే.