కండువాను బట్టి కండక్ట్ రూల్స్

ఉద్యోగి రాజకీయం మాట్లాడితే ఏం చెయ్యాలో తోచక తల పట్టుకునే మేనేజర్లు లావుపాటి పుస్తకాలు తిరగేయనక్కర్లేదు. సరూర్‌నగర్ ఇండోర్ స్టేడియం దాకా వస్తే చాలు, పాఠం ఇక్కడే ఉంది.

2019 అక్టోబరు 30న సమ్మెలో ఉన్న ఆర్టీసీ కార్మికులు ఈ స్టేడియంలో 'సకల జనుల సమర భేరి' పెట్టుకున్నారు. పోలీసులు కుదరదంటే హైకోర్టుకెక్కి అనుమతి తెచ్చుకున్నారు. అప్పటికి సుమారు 48 వేల మంది తమంతట తామే డిస్మిస్ అయిపోయారని ముఖ్యమంత్రి కేసీఆర్ తేల్చేసి ఉన్నారు. ఎంత పొదుపైన పద్ధతి! చార్జిషీటు లేదు, ఎంక్వైరీ లేదు, సంజాయిషీ లేదు, ఆర్డరు మీద సంతకం పెట్టే చెయ్యి కూడా లేదు. ఉద్యోగే తన్ను తాను పీకేసుకుంటాడు, సంస్థకు కాగితం ఖర్చు మిగులు. పని చేసిన సెప్టెంబరు నెల జీతం కూడా ఆగింది. ఆ సభకొచ్చిన డ్రైవరొకాయన గుండెపోటుతో పోయాడు. ఈ ఒక్క మాటలో వ్యంగ్యం లేదు.

ఇంతకీ వాళ్ల నేరం? ఆర్టీసీని ప్రభుత్వంలో కలపమన్నారు. ప్రభుత్వ ఉద్యోగం అడిగితే ఉన్న ఉద్యోగమే లేదన్నారు. 52 రోజుల సమ్మెలో ఏ కోశానా కుదరని ఆ విలీనం, 2023లో ఎన్నికలు గుమ్మంలోకొచ్చాక జూలై 31న కేబినెట్‌లో ఇట్టే కుదిరిపోయింది.

సభకు ఆ పేరెక్కడిదో గుర్తుందిగా? 2011లో ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. టీచర్లు, గుమాస్తాలు, సింగరేణి కార్మికులు, ఇదే ఆర్టీసీ డ్రైవర్లు పని ఆపేశారు. అప్పుడది రాజకీయం కాదు, ఉద్యమం. ఆ ఉద్యోగుల్ని నడిపించిన ఎన్జీవో నేత స్వామిగౌడ్ శాసనమండలి ఛైర్మనయ్యారు, గెజిటెడ్ అధికారుల నేత శ్రీనివాస్‌గౌడ్ మంత్రయ్యారు. మంచిదే, కష్టపడ్డారు. డ్రైవరు మాత్రం అదే ఖాకీ చొక్కాతో, అదే పిడికిలెత్తి, ఎనిమిదేళ్లకు క్రమశిక్షణ లేనివాడయ్యాడు.

సిద్దిపేట కథ ఇంకా ముచ్చటైనది. 2021 జూన్‌లో అక్కడి కలెక్టర్ వెంకట్రామిరెడ్డి కొత్త కలెక్టరేట్‌లో ముఖ్యమంత్రి కాళ్లకు మొక్కారు. నవంబరులో కొలువుకు రాజీనామా చేశారు, ఎమ్మెల్సీ అయ్యారు. 2024 ఏప్రిల్‌లో ఆయనే కేసీఆర్ పార్టీ తరఫున మెదక్ ఎంపీ అభ్యర్థిగా సిద్దిపేటలో పెట్టిన సమావేశానికి వెళ్లినందుకు 106 మంది ఉద్యోగులు సస్పెండయ్యారు. ఎన్నికల కోడ్ ఉంది, వెళ్లకూడదు, ఒప్పుకుంటాను. అయినా లెక్క చూడండి: వంగి మొక్కినాయనకు మండలిలో సీటు, కుర్చీ వేసుకుని కూర్చున్నోళ్లకు సస్పెన్షన్. ఈలోగా ప్రభుత్వం మారింది, వేటు పడే మెడలు మాత్రం కింది స్థాయివే.

ప్రైవేటులో రూల్స్ పుస్తకం ఉండదు, క్యాబిన్ ఉంటుంది. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ లెక్చరర్ వాట్సాప్ స్టేటస్‌లో ఓ నాయకుణ్ణి తిడతాడు. స్టాఫ్‌రూంలో అవతలి పార్టీ అభిమాని మొహం ముడుచుకుంటాడు, టీ దగ్గర మాటలు బందవుతాయి. సారు క్యాబిన్‌లోకి పిలుస్తాడు. "చూడు తమ్మీ, మనది విద్యాసంస్థ, మనకెందుకయ్యా రాజకీయాలు?" తమ్ముడు తలొంచుకుని బయటికొస్తే గేటు మీద నిలువెత్తు ఫ్లెక్సీ. ఎమ్మెల్యేగారికి జన్మదిన శుభాకాంక్షలు, కింద చేతులు జోడించి నవ్వుతున్న సారు.

సార్లూ, క్లాసులో పాఠం ఆపి పార్టీ సంగతులు చెబితే మందలించండి, పక్క టేబులు వాణ్ణి కులం పేరుతోనో పార్టీ పేరుతోనో గిల్లితే ఊరుకోకండి. ఇంటికెళ్లాక ఉద్యోగి ఏ జెండా పట్టుకున్నా అది మీరిచ్చే జీతం పరిధిలోకి రాదు. ముందు ఆ ఫ్లెక్సీ దింపించండి. స్టేటస్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం.