రాతి రైలుకు స్టాపేజీ

మహానంది కోనేట్లో మూడు మునకలేసి, గుడి బయట అరటిపళ్లు బేరమాడి, గాజులపల్లె స్టేషన్లో బెంచీ మీద కూలబడిన భక్తుడికి వైరాగ్యం ఇట్టే అబ్బుతుంది. ఎక్స్‌ప్రెస్‌లు దడదడా వస్తాయి, దుమ్ము కొట్టి పోతాయి. చాలావరకు ఆగవు. అన్నీ కళ్లముందే ఉంటాయి, ఏదీ మనది కాదు. ఇంత వేదాంతం పాసింజర్ టిక్కెట్టు ధరకు కాశీలో కూడా దొరకదు.

పూర్వం ఈ దారిలో మీటర్‌గేజి బండి నడిచేది. ధాతు కరువులో, అంటే 1876-78లో, జనం పిట్టల్లా రాలిపోయాక దొరలకు రైలు గుర్తొచ్చింది. కరువు సీమకు గింజలు చేరెయ్యాలంటే పట్టాలుండాలని 1880 నాటి కమిషన్ తేల్చింది. (ఆ కరువులోనే మన దేశపు గోధుమలు ఇంగ్లండు ఓడలెక్కాయి. దానికి కమిషన్ అక్కర్లేకపోయింది.) అలా బళ్లారి నుంచి కృష్ణ దాకా లైను పడింది. నంద్యాల, గిద్దలూరు మధ్య నల్లమల అడ్డం. కొండను తొలిచారు, లోయ మీద దొరబావి వంతెన కట్టారు. 1884లో మొదలుపెట్టి 1887కల్లా కానిచ్చేశారు. ఇప్పుడైతే ఆ మూడేళ్లూ టెండరు సవరణలకే చాలవు.

చలమ దాటిన బండి వంతెన మీదికి నింపాదిగా ఎక్కేది. కిటికీలోంచి కిందికి చూస్తే నేల కాదు, చెట్ల తలలు కనబడేవి. అంతదాకా సీటు కోసం తిట్టుకున్నవాళ్లు కూడా చప్పున నోరు మూసుకుని నరసింహస్వామిని తలుచుకునేవాళ్లు.

1991 ఉప ఎన్నికలో నంద్యాల ప్రధాని పి.వి. నరసింహారావుగారికి అయిదు లక్షల ఎనభై వేల పైచిలుకు మెజారిటీ ఇచ్చింది. మరుసటేడే రైల్వేవాళ్లు దేశమంతటికీ ఒకటే గేజి ఉండాలన్నారు. మీటర్‌గేజి వెడల్పు 1000 మిల్లీమీటర్లు, బ్రాడ్‌గేజిది 1676. తేడా మూరన్నర. ఆ మూరన్నర కోసం నూరేళ్ల దారి పాతబడింది. బ్రాడ్‌గేజి బళ్ల బరువు దొరబావి వంతెన మొయ్యలేదన్నారు. నిజమే కావచ్చు. అడవిలోనే వేరే దారి వేసి, పాత పట్టాలు పీకేశారు. స్తంభాలు మాత్రం నిలబడే ఉన్నాయి. అవి లారీకెక్కవు కదా!

కొత్త దారి తప్పని నేననను. వాస్కో పోయే అమరావతి ఎక్స్‌ప్రెస్ నంద్యాల మీదుగానే పోతుంది. నంద్యాలవాడు సుఖంగా గోవా పోవచ్చు. మహానందికి మాత్రం బస్సు చూసుకోవాలి.

పోయినదానికి ఏడవద్దు, వచ్చినదాన్ని చూడండంటారు పెద్దలు. చూద్దాం. నంద్యాల-ఎర్రగుంట్ల లైను 123 కిలోమీటర్లు. 1996-97లో మంజూరైంది, 2016 ఆగస్టులో బండి కదిలింది. యాగంటి బసవన్న ఇరవై ఏళ్లకు అంగుళం పెరుగుతాడంటారు. అదే ఇరవై ఏళ్లలో రైల్వే 123 కిలోమీటర్లు పెరిగింది. న్యాయంగా లెక్కేస్తే రైల్వేదే పైచేయి. బసవన్న లేచి రంకె వేసేలోగా గుంటూరు-గుంతకల్లు డబ్లింగ్ కూడా పూర్తయిపోతుందని నాకు గట్టి నమ్మకం.

అందరికంటే అదృష్టవంతులు ఆళ్లగడ్డవాళ్లు. ఆ ఎర్రగుంట్ల లైను కూడా కోవెలకుంట్ల, జమ్మలమడుగు వైపు తిరిగిపోయింది. రైలే లేని ఊళ్లో రైలు తీసేశారన్న బాధ ఎక్కడిది? పైగా వాళ్ల దగ్గర శిల్పులున్నారు. దేవుళ్లనూ నాయకులనూ ఒకే ఉలితో చెక్కగల ఘనులు. కాబట్టి ప్రభుత్వంవారికి నాదొక మనవి. ఆ శిల్పులతో ఒక మీటర్‌గేజి బండిని, ఇంజనుతో సహా, నల్లరాతిలో చెక్కించి దొరబావి స్తంభాల మీద నిలబెట్టండి. బొగ్గు అడగదు, కరెంటు అడగదు, లేటు కాదు, నష్టాల పేరుతో రద్దూ కాదు. నవ నందుల పక్కన పదో నందిగా పసుపు కుంకుమలు కూడా అందుకుంటుంది.

ఫైలు కదిలితే ఏమవుతుందో కూడా నాకు తెలుసు. అటవీశాఖ అభ్యంతరం చెబుతుంది. రాతి బండికి గేజి ఎంతుండాలని రైల్వే ఒక కమిటీ వేస్తుంది. శంకుస్థాపన రెండుసార్లు జరుగుతుంది, ఎన్నికల ముందొకటి, ఫలితాలు తారుమారయ్యాక ఇంకొకటి. అన్నీ అయ్యాక గాజులపల్లెవాళ్లు వెళ్లి, ‘అయ్యా, ఎలాగూ కదలదు కదా, మా ఊళ్లోనే నిలబెట్టండి’ అని అర్జీ ఇస్తారు. ప్రయాణికుల రద్దీ లేనందున స్టాపేజీ ఇవ్వడం సాధ్యపడదని జవాబొస్తుంది.