తోడెవరొస్తారు?

మా రోజుల్లో వైద్యం ఇంటికే వచ్చేది. నవ్వకండి. మా ఊరి ఆర్ఎంపీ డాక్టరు పొద్దున్నే సైకిలుకి తోలుసంచీ తగిలించుకుని బయల్దేరేవాడు. మా మామగారి ఆయాసం చూడ్డానికి వచ్చినవాడు, వెళ్తూ వెళ్తూ వంటింటి గడప దగ్గర ఆగి "నీకేమైందమ్మా, మొహం అలా పాలిపోయింది?" అనేవాడు. నాడి చూసి నాలుగు ఎర్ర బిళ్లలు చేతిలో పెట్టేవాడు. ఫీజు కుంచెడు బియ్యమో, రెండు పొట్లకాయలో. ఏం చదివాడో దేవుడికే తెలియాలి, అన్ని రోగాలకీ ఒకటే సూది. అయినా అడిగేవాడు కదా!

ఇప్పుడు లేనిదేముంది? 2005లో 108 వచ్చింది, 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. 2024లోనైతే 70 దాటినవాళ్లకి ఏడాదికి 5 లక్షల దాకా ఆయుష్మాన్ వైద్యం అన్నారు. నాకు 74. కార్డు కోసం వెళ్తే ఓటీపీ మా అబ్బాయి ఫోనుకి పోయింది, వాడేమో మీటింగులో ఉన్నాడు. పోనీ వేలిముద్ర వేయమన్నారు. 50 ఏళ్లు అంట్లు తోమిన వేళ్లకి గీతలెక్కడివి?

మా ఆయన గుండెల్లో మంటన్నారో లేదో, వాకిట్లో కారు ఆగింది. ఈసీజీ తీయించుకుని, గ్యాసని తేల్చుకుని, దారిలో ఇడ్లీ తిని మరీ వచ్చారు. నా కళ్లకి శుక్లాలొచ్చి రెండేళ్లు. అన్నంలో రాయి పంటికింద పడ్డ రోజున గానీ "నీ కళ్లకేమైంది?" అని ఆయన అడగలేదు. "సంక్రాంతి వెళ్లనివ్వండి" అన్నది మాత్రం నేనే, అబద్ధమెందుకు! ఆపరేషనయ్యాక కొన్నాళ్లు పొయ్యి దగ్గరికి వెళ్లొద్దంటారట. ఈయనకి కాఫీ ఎవరు కలుపుతారు?

2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగులో ఆడవాళ్లకి టికెట్టు లేదు. సంతోషమే. కానీ బస్సు బోర్డు కనబడని దాన్ని, తోడు లేకుండా ఎక్కడికెళ్లను? తోడొచ్చే మనవడికి టికెట్టు కొనాలి. వాడి కాలేజీ ఒకరోజు పోతుంది. దారి పొడుగునా ఆ విసుగు మొహం చూడాలి, అది మాత్రం ఎంత మసకలోనైనా కనబడుతుంది.

పక్కింటి వదినకి భర్త పోయి పదేళ్లు. ఆవిడకి ఆ మనవడు కూడా లేడు. ఒకటో తేదీన సచివాలయం కుర్రాడు పింఛను 4,000 గుమ్మంలోకి తెచ్చిస్తాడు. మొన్న ఉండబట్టలేక అడిగాను: "నాయనా, ఆ సంచీలో కళ్లడాక్టరు గానీ ఉన్నాడా?"

కుర్రాడు నవ్వి, వేలిముద్రల మిషను వదిన ముందుకి జరిపాడు.