గొంతు పోయిన విమానాలు

ఈ కాలం విమానాలకు గొంతు లేదు. ఈ మాట అన్నప్పుడల్లా మా ఇంట్లో నవ్వుతారు. "వాటికి గొంతు లేక కాదు, మీకు చెవులు లేక" అంటుంది మా ఆవిడ. నా ఎడమ చెవి సగానికి పైగా పోయిన మాట నిజమే. ఉద్యోగమంతా విమాన ఇంజిన్ల పక్కన నిలబడి చేసినవాణ్ని. మా రోజుల్లో చెవుల్లో దూది కుక్కుకోవడమే మహా జాగ్రత్త. అది పెట్టుకున్నా "ఏంరా, అంత సుకుమారమా" అని సీనియర్లు ఆటపట్టించేవాళ్లు. నా చెవిని తిన్నది ఆ ఇంజిన్లే. అయినా వాటిమీద నాకు కోపం లేదు. కోపమంతా చెవికి ఏ హానీ చెయ్యని ఈ కొత్తవాటి మీద.

మా రోజుల్లో బేగంపేట చుట్టుపక్కల ఉన్నవాడికి విమానాల టైంటేబుల్ అక్కర్లేదు. ఏది వచ్చిందో మంచం మీద కళ్లు మూసుకునే చెప్పేవాళ్లం. నా చిన్నతనానికే డకోటాలు ముసలివైపోయాయి. 1946లో నిజాం ప్రభుత్వ వాటాతో నడిచిన దక్కన్ ఎయిర్‌వేస్ ఎగరేసింది వాటినే. 1953లో కంపెనీలన్నిటినీ కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్ చేశాక అవీ అందులో కలిశాయి. డకోటాకు రెండు ఇంజిన్లు, ఒక్కోదానికి పద్నాలుగు సిలిండర్లు, 1,200 అశ్వశక్తి. స్టార్ట్ చేస్తే ముందు ఒకటో రెండో సిలిండర్లు అంటుకుని దగ్గేవి, భుస్సుమని పొగ వదిలేవి. మిగిలినవి ఒక్కొక్కటే నిద్రలేచి వచ్చి కలిసేవి. అన్నీ కలిశాక వచ్చే ఆ గంభీరమైన లయ వింటే, ఇక ఇది ఆగదు, ఎగురుతుంది అని మనకే ధైర్యం వచ్చేది.

తర్వాత డార్ట్ కాలం. వైకౌంట్, ఫోకర్ ఫ్రెండ్‌షిప్, మన కాన్పూర్‌లో హెచ్‌ఏఎల్ వాళ్లు కట్టిన ఆవ్రో, మూడింటికీ రోల్స్ రాయిస్ డార్ట్ ఇంజిన్లే. నిమిషానికి 15,000 చుట్ల దాకా తిరిగే ఆ ఇంజిన్ వేసే ఈల చెవిలోంచి దూరి దవడ దాకా పాకేది. ఒకే ఇంజిన్ కదా, మూడూ ఒకేలా వినిపించేవనుకుంటే పొరపాటు. వైకౌంట్‌కు నాలుగు ఇంజిన్లు, మిగతా రెంటికీ రెండేసి. ఆ తేడా పట్టలేనివాణ్ని మేము లెక్కలోకే తీసుకునేవాళ్లం కాదు.

ఆ తర్వాత బోయింగ్ 737-200. సన్నగా, పొడుగ్గా రెక్కకు అతికించినట్టుండే రెండు జేటీ8డీ ఇంజిన్లు. పైలట్ రన్‌వే చివర నిలబెట్టి పవర్ ఇచ్చాడంటే రసూల్‌పురా ఇళ్లలో గిన్నెలు మాట్లాడేవి. శబ్దం చెవికి కాదు, ముందు రొమ్ముకు తగిలేది. దిగాక ఇంజిన్ వెనకాల రెండు రేకు తలుపులు తెరుచుకుని వేడిగాలిని ముందుకు తిప్పి కొట్టేవి. ఆ గర్జన విని బోయిన్‌పల్లిలో ఆడవాళ్లు "బొంబాయి ఫ్లైట్ వచ్చేసింది, ఇంకా పొయ్యి ముట్టించలేదు" అనుకునేవారు. మధ్యమధ్యలో దుండిగల్, హకీంపేటల నుంచి కిరణ్ జెట్‌లు కీచుమంటూ పోయేవి. అవి వెళ్లాక పావురాలు సర్దుకోవడానికి కాసేపు పట్టేది.

ఎయిర్‌పోర్టులో విజిటర్ టికెట్ కొనుక్కుని పైకెక్కి కటకటాల దగ్గర నిలబడితే కిరోసిన్ వాసన, వేడిగాలి, శబ్దం మూడూ ఒకేసారి మొహానికి కొట్టేవి. బంధువుని దింపడానికి వచ్చినవాళ్ల కంటే ఊరికే చూడ్డానికి వచ్చినవాళ్లే ఎక్కువ. ఇప్పుడు చెప్పండి, శంషాబాద్‌లో ఎక్కడ నిలబడతారు? 2008 మార్చిలో విమానాలన్నీ ఒక్క రాత్రిలో అక్కడికి తరలిపోయాయి. అయిదున్నర వేల ఎకరాల స్థలం, అద్దాల గోడలు, ఏసీ చల్లదనం, లోపల ఇడ్లీ ధర చూస్తే విమానం టికెట్టే చవకనిపిస్తుంది. అద్దం అవతల విమానం టీవీలో మ్యూట్ నొక్కినట్టు కదులుతుంది. భద్రత కోసం అంటారు. కాదనను. కానీ ఆ అద్దం వల్ల ఒక తరానికి విమానమంటే బొమ్మ మాత్రమే మిగిలింది.

ఇప్పటి విమానాల పిచ్చివాళ్లను చూస్తే నాకు తిక్క రేగుతుంది. మా మనవడు అందులో ఒకడు. మొన్న డాబా మీద కూర్చుని ఫోన్ చూస్తూ, "తాతయ్యా, మన మీదుగా ఏ320 నియో పోతోంది, ఢిల్లీ నుంచి, పదకొండు వేల అడుగుల్లో ఉంది" అన్నాడు.

"ఒరేయ్, తలెత్తి చూశావా?"

"మబ్బు పట్టింది కదా తాతయ్యా."

"పోనీ విన్నావా?"

"ఏం వినాలి?"

అదీ సంగతి. విమానం తన గుర్తు, ఎత్తు, వేగం, ఉన్నచోటు రేడియోలో తనే చెప్పుకుంటూ పోతుంది. ఎవరి డాబా మీదో ఉన్న చిన్న రిసీవర్ దాన్ని పట్టి నెట్‌లో పడేస్తుంది. వీళ్లకు రిజిస్ట్రేషన్ నంబరు తెలుసు, ఏ ఫ్యాక్టరీలో పుట్టిందో తెలుసు, అంతకు ముందు ఏ కంపెనీ రంగులో తిరిగిందో తెలుసు. పెళ్లి చూపులకు వెళ్లి పిల్ల నాలుగు తరాల వంశవృక్షం చదివి, పిల్ల మాట వినకుండా లేచొచ్చినట్టుంది వీళ్ల వ్యవహారం.

ఇంతకంటే ఘోరం వీడియోలు. ఎండలో గంటలకొద్దీ కంచె పక్కన నిలబడి విమానం దిగేది తీస్తారు. ఇంటికొచ్చి ఏం చేస్తారు? ఇంజిన్ శబ్దం తీసేసి దానిమీద ఏదో సినిమా బీజీఎం వేస్తారు! చక్రాలు నేలను తాకే చోట డప్పు కొట్టిస్తారు. చక్రం నేలకు తాకినప్పుడు వచ్చే ఆ 'కీచ్' కంటే గొప్ప డప్పు ఉందా? అడిగితే "రా సౌండ్‌కి వ్యూస్ రావు" అంటాడు మావాడు.

శబ్దం ఎందుకు తగ్గిందో నాకు తెలియక కాదు. జెట్ ఇంజిన్ గోలంతా వెనక నుంచి దూసుకొచ్చే వేడిగాలి చుట్టూ ఉన్న చల్లగాలిని చీల్చడంలో పుడుతుంది. జేమ్స్ లైట్‌హిల్ అనే ఇంగ్లీషు గణిత శాస్త్రవేత్త 1952లోనే లెక్క తేల్చాడు. ఆ శబ్దశక్తి గాలి వేగానికి ఎనిమిదో ఘాతంలో పెరుగుతుంది. అంటే వేగం సగం చేస్తే శబ్దశక్తి 256వ వంతుకు పడిపోతుంది. ఇంజనీర్లు పట్టుకున్నది ఈ సూత్రాన్నే. పాత 737 ఇంజిన్‌లో మంట గుండా వెళ్లే గాలికి సుమారు అంతే గాలి పక్కనుంచి పోయేది. ఇప్పటి లీప్ ఇంజిన్‌లో పక్కనుంచి పోయేది పదకొండు రెట్లు. ముందున్న పంకా అప్పట్లో మీటరు, ఇప్పుడు దాదాపు రెండు మీటర్లు. ఎక్కువ గాలిని నిదానంగా తోస్తుంది కాబట్టి గోల లేదు, ఆయిలూ తక్కువ తాగుతుంది. బ్రహ్మాండమైన పని. చేసినవాళ్ల చేతులకు దండం పెట్టాలి. పైగా ఈ లీప్ ఇంజిన్లను విప్పి బాగుచేసే పెద్ద కేంద్రం 2025 నవంబరులో మన శంషాబాద్‌లోనే మొదలైంది. మా తరం మెకానిక్‌లు కలలో కూడా అనుకోనిది. కానీ అక్కడ పనిచేసే కుర్రాళ్లు చెవి పెట్టి ఇంజిన్ జబ్బు చెప్పగలరా అని అడిగితే, "సెన్సార్లు చెప్తాయి సార్" అంటారు. సరే, సెన్సార్లు చెప్పనీ.

ఇక మ్యూజియం విమానాల సంగతికొస్తాను. నా అసలు బాధ అక్కడే ఉంది.

విశాఖపట్నం బీచ్ రోడ్డులో టుపొలెవ్ టీయూ-142 విమానం ఉంది. మన తెలుగువాళ్లలో విమానాల మీద మనసున్న ప్రతివాడూ ఒక్కసారైనా చూసి తీరాల్సిన యంత్రం అది. పొడవు 53 మీటర్లు, రెక్కల ఈ కొసనుంచి ఆ కొసకు 50 మీటర్లు. నౌకాదళం 1988లో ఇలాంటివి ఎనిమిది తెచ్చుకుంది. మొదట గోవాలో, 1992 నుంచి అరక్కోణంలో ఉన్నాయి. 2017 మార్చిలో రిటైరయ్యాయి. అందులో ఒకటి తన రెక్కల మీద తనే విశాఖకు ఎగిరొచ్చింది. దాన్ని విప్పి బీచ్‌కు మోసుకొచ్చి, మళ్లీ బిగించి, ఆ ఏడాది డిసెంబరులో మ్యూజియంగా ప్రారంభించారు.

దాని ఇంజిన్ల గురించి చెప్పకపోతే నా మాటకు అర్థం లేదు. నాలుగు ఎన్‌కే-12 టర్బోప్రాప్‌లు, ఒక్కోటి దాదాపు 15,000 అశ్వశక్తి. ప్రపంచంలో ఎగిరిన టర్బోప్రాప్‌లలో ఇంతకు మించిన బలమైన ఇంజిన్ సర్వీసులో లేదు. ఒక్కో ఇంజిన్‌కు ఒకదాని వెనక ఒకటిగా రెండు ప్రొపెల్లర్లు, ఒకటి కుడికి తిరిగితే రెండోది ఎడమకు. ముందు ప్రొపెల్లర్ చీల్చిన గాలిని వెనకది మళ్లీ నరుకుతుంది. ప్రొపెల్లర్ రెక్కల కొసలు ధ్వని వేగాన్ని అందుకుంటాయి. అలాంటివి నాలుగు జతలు ఒకేసారి తిరిగితే వచ్చే శబ్దాన్ని నేను మాటల్లో పెట్టలేను. ప్రపంచంలో అతి గోల విమానాల జాబితా ఎవరు రాసినా దీని కుటుంబం పైన ఉంటుంది.

ఇప్పుడు వింత చూడండి. ఇంత గోల చేసే విమానం చేసే ఉద్యోగం ఏమిటి? వినడం! సముద్రం మీద ఎగురుతూ సోనోబాయ్‌లనే గొట్టాలను నీళ్లలోకి జారవిడుస్తుంది. అవి నీళ్లలో చెవులు దించి, ఎక్కడో లోతుల్లో పోతున్న జలాంతర్గామి ప్రొపెల్లర్ చప్పుడును పట్టి పైకి పంపుతాయి. లోపల సిబ్బంది హెడ్‌ఫోన్లు పెట్టుకుని గంటల తరబడి ఆ చప్పుడు కోసం కూర్చునేవారు. దానికి ఎదురుగా, రోడ్డు అవతల ఏముంది? కుర్సురా జలాంతర్గామి. 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరింది, 2001లో రిటైరయింది. దాని బతుకంతా చప్పుడు చెయ్యకుండా ఉండటమే. వెతికేదాన్నీ, దాక్కునేదాన్నీ ఎదురెదురుగా పెట్టినవాళ్ల బుర్రకు నా నమస్కారం. కానీ ఇప్పుడు రెండింటిలో ఏది మౌనంగా ఉందో చెప్పండి. రెండూ! దాక్కునేదానికి మౌనం తగినదే. మరి ఆ రెండో దానికి?

జనం టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్తారు, సోనోబాయ్‌లను చూస్తారు, ప్రొపెల్లర్ కింద నిలబడి ఫొటో దిగుతారు, ఐస్‌క్రీం తిని వెళ్తారు. ఆ ప్రొపెల్లర్లు తిరిగినప్పుడు ఏం జరిగేదో ఒక్కరికీ తెలియదు. పైగా ఉప్పుగాలి. సముద్రం పక్కన అల్యూమినియం ఎంత తొందరగా చెడుతుందో నాకు తెలుసు. రంగు వేస్తూనే ఉండాలి, కీళ్లలో తుప్పు గీకుతూనే ఉండాలి. ఆ పని జరుగుతున్నంతకాలం ఒళ్లు ఉంటుంది, గొంతు రాదు.

చెయ్యాలనుకుంటే చెయ్యొచ్చు. ఇంగ్లండ్‌లో లింకన్‌షైర్‌లోని ఈస్ట్ కర్క్‌బీలో 'జస్ట్ జేన్' అనే రెండో ప్రపంచయుద్ధం నాటి లాంకాస్టర్ ఉంది. అది ఎగరదు. కానీ నాలుగు మెర్లిన్ ఇంజిన్లూ స్టార్ట్ చేసి గడ్డి మీద నడిపిస్తారు, జనం డబ్బిచ్చి వినడానికి వస్తారు. మన దగ్గర కూడా ఒక మంచిపని జరిగింది. అప్పటి రాజ్యసభ సభ్యుడు రాజీవ్ చంద్రశేఖర్ బాగుచేయించి ఇచ్చిన డకోటా 2018లో బ్రిటన్ నుంచి ఎగిరొచ్చి వైమానిక దళంలో చేరింది. వీపీ 905 అని నంబరు వేసి పరశురామ అని పేరు పెట్టారు. 1947 అక్టోబరు 27న సైనికులను శ్రీనగర్‌లో దింపిన డకోటాల జ్ఞాపకంగా ఆ నంబరు. అది దగ్గుతూ స్టార్ట్ అయ్యే వీడియో మావాడే చూపించాడు, బీజీఎం లేకుండా! కుడి చెవికి ఆనించుకుని మూడుసార్లు విన్నాను. ఫోన్ స్పీకర్‌లో సగమే వచ్చింది. రొమ్ముకు తగలాల్సిన సగం రాలేదు.

2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21కు వీడ్కోలు చెప్పారు. అరవై రెండేళ్ల సర్వీసు. దాని ఇంజిన్లు మన పొరుగున కోరాపుట్‌లో తయారైనవి. ఇక ఊరూరా కూడళ్లలో దిమ్మెల మీద ముక్కు పైకెత్తి మరికొన్ని నిలబడతాయి. చుట్టూ ట్రాఫిక్ హారన్లు. కింద బోర్డు మీద వేగం ఇంత, పొడవు ఇంత అని రాస్తారు. ఆఫ్టర్‌బర్నర్ అంటుకున్నప్పుడు ఆకాశం పగిలినట్టు వచ్చే శబ్దం ఇంత అని ఏ బోర్డు మీద రాస్తారు?

ఈ కుర్రాళ్లలో అందరూ చెవిటివాళ్లు కాదని కూడా చెప్పాలి. మా మనవడి స్నేహితుడొకడున్నాడు. శంషాబాద్ కంచె పక్కన కళ్లు మూసుకుని, "ఇది ప్రాట్ అండ్ విట్నీ నియో, అది లీప్ నియో" అని చెప్తాడు. ప్రాట్ ఇంజిన్ మధ్యస్థ పవర్‌లో తిమింగలం మూలిగినట్టు ఒక వింత చప్పుడు చేస్తుందట, దాన్నిబట్టి పడతాడు. వాడికి మాత్రం మా ఆవిడ చేత టీ పెట్టించి ఇచ్చాను.

విశాఖ మ్యూజియంవాళ్లను నేను అడిగేది పెద్ద కోరిక కాదు. ఆ ఇంజిన్లు తిప్పమనడం లేదు. ఆ విమానం ఎగిరిన రోజుల శబ్దం రికార్డులు నౌకాదళం దగ్గర ఉండకపోవు. రెక్క కింద మనిషెత్తు స్పీకర్లు నాలుగు పెట్టి, రోజుకు ఒక్కసారి, ఒక్క నిమిషం వినిపించండి. బీచ్ రోడ్డు అపార్ట్‌మెంట్లవాళ్లు ఊరుకోరు, పోలీసులకు ఫోన్ చేస్తారు అంటాడు మా మనవడు. చెయ్యనీ. వినాయకచవితికి రాత్రంతా డీజేలు భరించే ఊరు, టుపొలెవ్‌కు పట్టపగలు ఒక్క నిమిషం ఇవ్వలేదా?