వాడని తోరణం

మా గుమ్మానికి మూడేళ్ళుగా ఉగాదే. 2023 మార్చిలో శోభకృత్ సంవత్సరాదికి కట్టిన మామిడి తోరణం ఇప్పటికీ పచ్చగా ఉంది. శోభకృత్ వెళ్ళిపోయింది. క్రోధి వెళ్ళిపోయింది. విశ్వావసూ వెళ్ళిపోయింది. పరాభవ వచ్చి గుమ్మంలో నిలబడినా తోరణం ఒక్క ఆకు రాల్చలేదు. రాల్చదు, అది ప్లాస్టిక్కు. ఆకుల ఈనెలు అచ్చుగుద్దినట్టుంటాయి. నిజంగానే అచ్చుగుద్దారు మరి. నడుమ ఆకు వెనక ఒక సాలెపురుగు సంసారం పెట్టింది. మా ఇంట్లో ఏడాది పొడుగునా పండగ చేసుకుంటున్న ప్రాణి అదొక్కటే.

మొన్న కొరియర్ కుర్రాడు తలెత్తి చూసి, "ఇవాళ ఏం పండగ సార్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఒకప్పుడు గుమ్మానికి తోరణం కనబడితే ఆ ఇంట్లో పండగని తెలిసేది. ఇప్పుడు తోరణం కనబడితే ఆ ఇంట్లో తోరణం ఉందని తెలుస్తోంది.

కోసిన మామిడాకులు కూడా ఇంటినిండా ఆక్సిజన్ పంచుతాయని వాట్సాప్ పండితులు ప్రతి పండక్కీ సెలవిస్తుంటారు. ప్లాస్టిక్ మామిడాకులు ఏ వాయువు పంచుతాయో ఇంకా ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు.

ఇంతకీ ఆ తోరణం బజారులో కొన్నదంటే మా ఆవిడ ఒప్పుకోదు. "ఇంట్లో చేసిందండీ!" అంటుంది. ఆ మాట అబద్ధం కాదు. అట్టపెట్టెలో వచ్చాయి: ఇరవయ్యొక్క ఆకులు, ఒక తాడు, ఒక పొట్లం పూసలు, ఆరు బొమ్మల సూచనల కాగితం. ఆకులకు చిల్లులు వాళ్ళే పెట్టి పంపారు. తాడుకి ముడి వాళ్ళే వేసి పంపారు. మాకు మిగిల్చిన పనల్లా గుచ్చడం, ఫొటో తీయడం. దీన్ని డీఐవై అంటారట, అంటే 'నువ్వే చేసుకో' అని. హోటల్లో ఇడ్లీని చట్నీలో ముంచుకుని తిన్నవాడు వంట చేసినట్టే మేమూ తోరణం చేశాం.

ఈ చేతిపనుల లోకానికి ఒక వేదవాక్యం ఉంది: 'చాలా ఈజీ'. వీడియోలో మొహం కనబడని రెండు చేతులు వస్తాయి. గోళ్ళకు రంగు చెదరదు. గ్లూ గన్నులోంచి కారే జిగురు ఆ చేతుల్లో తీగలు సాగదు. "ఇంట్లో ఊరికే పడి ఉండే వస్తువులతోనే ఐదు నిమిషాల్లో దీపావళి ప్రమిద అలంకరణ" అంటుంది ఆ గొంతు. ఆ తరవాత ఊరికే పడి ఉండే వస్తువుల పట్టీ చదువుతుంది: ఇనుప రింగు ఒకటి, ముత్యాల పూసలు రెండు రకాలు, ఫోమ్ షీటు, శాటిన్ రిబ్బను, అద్దం బిళ్ళలు, గ్లిట్టర్ పొడి. ఇల్లంతా వెతికాను. మా ఇంట్లో ఊరికే పడి ఉండేది నేనొక్కణ్ణే.

అవన్నీ కొనేసరికి పదమూడు వందల ఎనభై అయింది. ఐదు నిమిషాల పనికి ఒక ఆదివారం, నా చూపుడు వేలిమీద చర్మం ఖర్చయ్యాయి. అదే రోజు సాయంత్రం ప్రమిదలు అమ్మే ముసలమ్మ దగ్గర డజనుకి పది రూపాయలు తగ్గించమని బేరమాడాం. ఆవిడ తగ్గించింది. మట్టి తొక్కి, సారె తిప్పి, ఆవంలో కాల్చిన ప్రమిదకి బేరం. దాని చుట్టూ అంటించే చమ్కీలకి స్టిక్కర్ మీదున్న ధర. ఐరోపా సమాఖ్య విడిగా అమ్మే ప్లాస్టిక్ గ్లిట్టర్‌ను 2023 అక్టోబరులో నిషేధించింది. నేను మాత్రం ఇప్పటికీ సోఫా సందుల్లోంచి, అప్పుడప్పుడు పెరుగన్నంలోంచి ఏరుకుంటున్నాను.

బళ్ళు ఈ విద్యను చిన్నప్పుడే నేర్పుతున్నాయి. రాత్రి తొమ్మిదింటికి మా అమ్మాయి తాపీగా చెప్పింది: "నాన్నా, రేపు బెస్ట్ అవుట్ ఆఫ్ వేస్ట్ ప్రాజెక్టు." ఇంట్లో చెత్తకు లోటా? పాత పేపర్లు, కొబ్బరి పీచు, చిరిగిన చాప చూపించాను. పిల్ల నావంక జాలిగా చూసింది. "అది కాదు నాన్నా, మంచి వేస్టు కావాలి." స్టేషనరీ కొట్టుకి పరిగెత్తాను. లోపల నాలాంటి తండ్రులు మరో నలుగురున్నారు. కొట్టతను అడక్కముందే బల్లమీద పేర్చాడు: ఏ ఐస్‌క్రీమునీ ఎరగని ఐస్‌క్రీం పుల్లల కట్ట, ఎవరూ టీ తాగని కాగితం కప్పులు, ఏ చేతికీ ఎక్కని గాజులు. వాటితో పెన్నుల స్టాండు తయారైంది. అందులో పెన్ను పెడితే పడిపోతుంది. రెండు రోజులు ప్రదర్శనలో నిలబడి, మూడోరోజు చెత్తబుట్టలో చేరింది. బెస్టులోంచి వేస్టు తీయడంలో మా అమ్మాయికి బహుమతి కూడా వచ్చింది.

అసలు ప్రాజెక్టు చూడాలనుకుంటే ధనుర్మాసంలో పల్లెటూరి వాకిలికి వెళ్ళాలి. ఆవుపేడ ముద్ద చేసి, పసుపు కుంకాలద్ది, నెత్తిన గుమ్మడిపువ్వు గుచ్చితే గొబ్బెమ్మ. అందానికి అందం, పూజకి పూజ. మర్నాటికి అదే గొబ్బెమ్మ గోడెక్కి పిడక అవుతుంది. రథసప్తమినాడు ఆ పిడకల దాలిమీద పాలు పొంగించి పరమాన్నం వండుతారు. మిగిలిన బూడిదతో గిన్నెలు తోముతారు. పిల్లలేమో బుల్లి పిడకలకు నడుమ చిల్లులు పెట్టి, ఎండబెట్టి, దండ గుచ్చి భోగిమంటలో వేస్తారు. ఒక్క వస్తువుకి ఇన్ని జన్మలెత్తించిన ఆ చేతులకు ఏ బడీ బహుమతి ఇవ్వలేదు. ఇప్పుడు ఆ పిడకలే డజను లెక్కన, ప్లాస్టిక్ కవర్లో, ఇంటికి తెచ్చి ఇస్తున్నారు.

ముగ్గు సంగతికొద్దాం. వారపత్రికలు సంక్రాంతికి ముగ్గుల పేజీలు వేసేవి. కింద ఒక సూత్రం ఉండేది: 15 చుక్కలు, సందు చుక్క, 8 వచ్చేవరకు. లెక్కేసి చూడండి, 169 చుక్కలు. స్కేలు లేదు, కాగితం లేదు, చెరిపేసే రబ్బరు లేదు. వంగున్న మనిషి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుంచి జారే పిండితో నూట అరవైతొమ్మిది చుక్కల్ని వరస తప్పకుండా నిలబెట్టి, వాటి చుట్టూ తీగ తిప్పేసి, పొయ్యిమీద పాలు పొంగేలోపు లోపలికి వెళ్ళిపోయేది. బియ్యప్పిండైతే మధ్యాహ్నానికి చీమలు సగం ముగ్గు మోసుకుపోయేవి. ఇప్పుడు ముగ్గు చుట్టలుగా వస్తోంది. వెనక కాగితం ఊడదీసి టైల్సుకు అంటించడమే. ఒక మూల లేచి, కాలికి తగిలి, ఏడాదంతా బొటనవేలిని పలకరిస్తూ ఉంటుంది. చీమలు దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి ఆకలితో వెళ్ళిపోతాయి.

శ్రావణంలో అమ్మవారి తిప్పలు వేరు. పసుపుముద్దతో ముఖం తీర్చి, కాటుకతో కళ్ళు దిద్దితే ఏ ఇంటి వరలక్ష్మికి ఆ ఇంటి పోలిక వచ్చేది. మా నాయనమ్మ చేసిన అమ్మవారికి ఒక కన్ను కొంచెం చిన్నది. నాయనమ్మకూ అంతే. ఇప్పుడు కుట్టేసిన చీరతో అమ్మవారు పెట్టెలో వస్తోంది. వెనక జిప్పు. అటూ ఇటూ ప్లాస్టిక్ అరటిపిలకలు. వెనకాల తెరమీద తెల్లటి ఆవులు, తామరపూలు. ఆ ఆవుల సొంతూరు రాజస్థాన్‌లోని నాథద్వారా. అక్కడ శ్రీనాథ్‌జీ వెనక వేలాడదీసే పిచ్వాయి తెరలమీద చిత్రకారులు వాటిని చేత్తో గీస్తారు. ఇక్కడ పాలిస్టరు మీద అచ్చేసి మందలు మందలుగా తోలేశారు. వరలక్ష్మీ వ్రతానికి అవే ఆవులు, సీమంతానికి అవే ఆవులు, గృహప్రవేశానికీ అవే ఆవులు. ఊళ్ళో బందెలదొడ్డి లేదు గనక సరిపోయింది.

పుట్టినరోజుల గురించి చెబితే చట్టం తెలిసినవాళ్ళు నొచ్చుకుంటారు. 2022 జులై 1 నుంచి దేశమంతటా ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నిటిమీద నిషేధం ఉంది. ఆ జాబితా చదివితే ఎవరో మన పిల్లాడి పుట్టినరోజుకి వచ్చి, మూల కుర్చీలో కూచుని రాసుకున్నట్టే ఉంటుంది: బెలూన్ల ప్లాస్టిక్ పుల్లలు, ప్లాస్టిక్ జెండాలు, అలంకరణ థర్మోకోల్, ప్లాస్టిక్ గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, స్వీటు డబ్బాలకీ ఆహ్వాన పత్రికలకీ చుట్టే పల్చటి పొర, వంద మైక్రాన్లలోపు మందం బ్యానర్లు. మొన్న ఒక ఫంక్షన్లో పిల్లలచేత 'భూమిని కాపాడుదాం' నాటిక వేయించారు. వెనక భూగోళం బాగా కుదిరింది. థర్మోకోల్‌తో చేశారు.

ఇక్కడ మా ఆవిడ కాగితం లాక్కుని ఇంతవరకూ చదివింది. చదివి ఒకే ఒక ప్రశ్న వేసింది: "మీరెప్పుడైనా ముగ్గు పెట్టారా?"

పెట్టలేదు. తోరణానికి మామిడాకులు తుంచిన జ్ఞాపకం ఉంది, కుట్టిన జ్ఞాపకం లేదు. 169 చుక్కల గొప్పతనం వడకుర్చీలోంచి చూసినవాణ్ణే. ముగ్గుల వైభవం మీద వ్యాసాలు రాసిన మగవాళ్ళలో మాఘమాసపు చలిలో కళ్ళాపి చల్లినవాళ్ళెందరో వేళ్ళమీద లెక్కపెట్టచ్చు, అదీ ఒక్క చేతి వేళ్ళమీద. ఆఫీసు నుంచి ఏడింటికి వచ్చి, వంట చేసి, పిల్లచేత హోంవర్కు చేయించి, రేపటి వ్రతానికి సిద్ధం కావలసిన మనిషికి జిప్పున్న చీర అమ్మేవాడు దేవుడిలా కనబడితే ఆవిడ తప్పేమిటి? బజారువాడు ఆవిడ ఓపిక అయిపోయిన చోట కొట్టు తెరిచాడు. నేను ఆ చోట చేయి సాయం చేసి ఉంటే వాడికి బేరం ఉండేది కాదు.

కాబట్టి ఈ అస్త్రం సగం నామీదకే తిరిగింది. తగలనిద్దాం. ఆ దెబ్బకి లేచి చూస్తే నిజంగా ఈజీ అయినవి ఎన్నో కనబడ్డాయి. మైదాపిండి నీళ్ళలో కలిపి పొయ్యిమీద ఉడికిస్తే జిగురు, వేలు కాలదు. పురికొస కట్టి, రంగు కాగితాలు ముక్కోణాలుగా కత్తిరించి అంటిస్తే శ్రీరామనవమి పందిరి నుంచి ఆగస్టు 15 దాకా దేనికైనా తోరణమే. కొబ్బరాకు మడిస్తే బూర, తాటాకు మడిస్తే గిరగిర తిరిగే పంకా, ఇంకా ఓపికుంటే పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు. వినాయకుడి నెత్తిన పాలవెల్లికి మొక్కజొన్న పొత్తులు, వెలక్కాయలు, బత్తాయిలు, మామిడాకులు వేలాడదీస్తే అంతకుమించిన షాండ్లియర్ లేదు. పూజయ్యాక దాన్ని తినేయొచ్చు కూడా.

ఈ విద్యలో పట్టా ఇవ్వాలంటే తెలంగాణ ఆడపడుచులకే ఇవ్వాలి. అక్కడ బతుకమ్మకి గునుగు, తంగేడు ఏరి తెచ్చేవాళ్ళు అన్నలు, తండ్రులు. కట్టలు కట్టడానికి ఇల్లంతా కూచుంటుంది. తెల్లటి గునుగు పూలను రంగుల్లో ముంచి, తాంబాళంలో వరస మీద వరస పేర్చి, నడినెత్తిన పసుపు గౌరమ్మను నిలిపి, సద్దుల బతుకమ్మ నాటికి మనిషి నడుమెత్తు పేరుస్తారు. ఒక రోజంతా చేసినదాన్ని ఆ సాయంత్రమే చెరువులో వదిలేస్తారు. దాచుకుందామన్న ఆలోచన ఎవరికీ రాదు. అమెరికాలో మామిడిచెట్టు లేని ఊళ్ళో పచ్చకాగితం కత్తిరించి గుమ్మానికి కట్టుకునే తెలుగు తల్లిని కూడా నేనేమీ అనను. ఆవిడ చేతిలో కత్తెర ఉంది, మనసులో మామిడిచెట్టుంది. నాకు వీధి చివరే చెట్టుంది. అయినా నేను పెట్టె తెప్పించుకున్నాను.

నిన్న బల్ల ఎక్కి, సాలెపురుగుకి క్షమాపణ చెప్పి, మూడేళ్ళ ఉగాదిని దించేశాను. మా అమ్మాయి, నేను వీధి చివరికి వెళ్ళి, ఆ ఇంటివాళ్ళనడిగి పదిహేను ఆకులు కోసుకొచ్చాం. కుట్టడం మా ఆవిడ నేర్పింది. వంకరగా వచ్చింది. నాలుగో రోజుకి వాడిపోతుంది. వాడితే తీసేయాలి, వచ్చే పండక్కి మళ్ళీ ముగ్గురం కూచుని కుట్టాలి.

మీ గుమ్మంవంక కూడా ఒకసారి తలెత్తి చూడండి. అక్కడున్నది ఏ ఏటి పండగో గుర్తుకు రాకపోతే, బల్ల తెచ్చుకోండి.