జారడం నేర్చుకుని రండి

అందరూ నన్ను ఎర్రమట్టి అనే అంటారు. నిజానికి పైన కనిపించే ఎరుపంతా ఇటుక పొడి, మందం మహా అయితే రెండు మిల్లీమీటర్లు. దాని కింద సున్నపురాయి పొడి, ఆ కింద బొగ్గు మండాక మిగిలిన గడ్డలు, ఇంకా కింద కంకర, రాళ్లు. బరువు మోసేది వాళ్లు, పేరు నాది. నా ఇల్లు గ్రాండ్‌స్లామ్ టెన్నిస్ టోర్నీ జరిగే పారిస్‌లోని రోలాండ్ గారోస్ స్టేడియం. డేవిస్ కప్ నిలబెట్టుకోవడానికి ఫ్రెంచి వాళ్లు 1928లో కట్టుకున్నారు. గారోస్ టెన్నిస్ వీరుడేమీ కాదు, 1913లో మధ్యధరా సముద్రాన్ని విమానంలో ఆగకుండా దాటిన పైలట్. గాల్లో ఎగిరినవాడి పేరు నేలకు పెట్టారు. పెట్టనివ్వండి.

బంతి పడగానే నేను దాన్ని ఒక్క క్షణం పట్టుకుంటాను. ముందుకు పోయే ఊపు తగ్గుతుంది, పైకి లేచే ఎత్తు పెరుగుతుంది. వింబుల్డన్ పచ్చిక అలా కాదు. దాని మీద బంతి జారి, కిందుగా దూసుకుపోతుంది. అందుకే సర్వీసుతోనే పని కానిచ్చే వాళ్లకూ నాకూ పడదు. పీట్ సంప్రాస్‌నే చూడండి. వింబుల్డన్ ఏడుసార్లు గెలిచాడు, మొత్తం 14 గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు. నా దగ్గర మాత్రం 1996 సెమీఫైనలే అతని హద్దు. జాన్ మెకన్రో 1984 ఫైనల్లో మొదటి రెండు సెట్లూ గెలిచాడు. తర్వాతి మూడూ లెండిల్ పట్టుకుపోయాడు.

నా మీద పరుగే వేరు. బంతి దగ్గరకు చేరి, ఆగి, అప్పుడు కొడదామంటే ఆలస్యమైపోతుంది. జారుతూ రావాలి, జారుతూనే కొట్టాలి, జారుడు ఆగిన చోటునుంచే వెనక్కి మళ్లాలి. రఫెల్ నాదల్‌కు ఇది నడకంత సహజం. ఎడమచేత్తో అతను తిప్పి కొట్టిన బంతి నా మీద పడి లేస్తే, కుడిచేతి ఆటగాడి బ్యాక్‌హ్యాండ్ వైపు భుజం దాకా వస్తుంది. అంత ఎత్తులో బంతిని అణచి కొట్టడం ఎంత కష్టమో ఫెదరర్‌ను అడగాలి. ఇక్కడ నాలుగు ఫైనల్స్ నాదల్‌కే ఓడాడు. 2009లో సోడర్లింగ్ ఓడించిన పుణ్యమా అని నాదల్ దారిలోంచి తప్పుకున్నాడు, ఫెదరర్ గెలిచాడు. నాదల్ ఇక్కడ 14 టైటిళ్లు గెలిచాడు, 112 మ్యాచ్‌లు నెగ్గి నాలుగే ఓడాడు. పక్షపాతం అంటే అననివ్వండి.

అయితే నేను రోజూ ఒకేలా ఉండను. ఎండ కాస్తే ఆరి గట్టిపడతాను, బంతికి వేగం వస్తుంది. మబ్బు పట్టి తేమ చేరితే బంతి బరువెక్కుతుంది. మరీ ఆరిపోకుండా, వాకిట్లో కళ్ళాపి చల్లినట్టు మనుషులు నన్ను తడుపుతూనే ఉంటారు, సెట్టు ముగిస్తే వల లాగి చదును చేస్తారు. ఇక్కడ ఫైనల్ అయిన మూడు వారాలకే ఆటగాళ్లు వింబుల్డన్ పచ్చిక మీద నిలబడాలి, అలవాటైన జారుడంతా మరిచిపోవాలి. ఒకప్పుడు రెండు వారాలే వ్యవధి. ఆ రోజుల్లో 1978 నుంచి 1980 దాకా బోర్గ్ వరుసగా మూడేళ్లు రెండు చోట్లా గెలిచాడు. ఎలా గెలిచాడో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

మన దేశం వాళ్లకు నేనంటే చేదేమీ కాదు. మహేశ్ భూపతి 1997లో మిక్స్‌డ్ డబుల్స్ గెలిచి, గ్రాండ్‌స్లామ్ టైటిల్ నెగ్గిన తొలి భారతీయుడయ్యింది ఇక్కడే. 2012లో హైదరాబాద్ అమ్మాయి సానియా మీర్జాతో కలిసి మళ్లీ గెలిచాడు.

నాకున్న అసలు గుణం ఇంకోటుంది. బంతి ఎక్కడ పడిందో దాచను, గుర్తు అలాగే ఉంచుతాను. అనుమానం వస్తే అంపైర్ కుర్చీ దిగివచ్చి వంగి చూస్తారు. 1999 ఫైనల్లో మార్టినా హింగిస్ ఒక సెట్ గెలిచి, రెండో సెట్లోనూ ముందంజలో ఉంది. ఒక బంతి అవుట్ అన్నారు. ఆమె ఒప్పుకోలేదు. నెట్ దాటి స్టెఫీ గ్రాఫ్ వైపుకు వెళ్లి గుర్తు చూపించింది. అవతలి సగంలోకి వెళ్లకూడదు కాబట్టి పెనాల్టీగా ఒక పాయింట్ పోయింది. జనం ఆమె మీద తిరగబడ్డారు, మ్యాచ్ గ్రాఫ్ చేతికి వెళ్లింది.

ఇప్పుడు చాలా మట్టి టోర్నీల్లో ఆ పని కెమెరాలు చేస్తున్నాయి. 2025లో మాడ్రిడ్‌లో కెమెరా తీర్పు నచ్చని ఆటగాడు జ్వెరెవ్ గుర్తును ఫోన్లో ఫొటో తీసుకున్నాడు. అంపైర్ అతనికి హెచ్చరిక ఇచ్చారు. మాడ్రిడ్ మట్టిని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.