పదకొండో గడిలో రాముడు

స్పోకెన్ ఇంగ్లీష్ కోచింగ్ సెంటర్లలో ఇంగ్లీషు భాష పన్నెండు గడుల పట్టికగా బోర్డు మీద అవతరిస్తుంది. మూడు కాలాలను అడ్డంగానూ, సింపుల్, కంటిన్యువస్, పర్ఫెక్ట్, పర్ఫెక్ట్ కంటిన్యువస్ అనే నాలుగు రూపాలను నిలువుగానూ గీసి, మూడు నాలుగులు పన్నెండని లెక్క కుదిరాక, ఏ గడీ ఖాళీగా ఉండరాదన్న ఏకైక కారణంతో ఒక్కొక్క దానిలోకి ఒక్కొక్క వాక్యాన్ని దింపుతారు. అన్నిటిలోనూ కర్త రాముడే, కర్మ మామిడిపండే.

పదకొండోది ఫ్యూచర్ పర్ఫెక్ట్, అంటే రానున్న ఒక గడువునాటికి ముగిసిపోయి ఉండే పనిని చెప్పే క్రియారూపం. దీని ప్రాణమంతా ఆ గడువులోనే ఉండగా, పట్టికలో మాత్రం 'విల్ హ్యావ్ ప్లస్ వీ త్రీ' అన్న సూత్రమే తప్ప (వీ త్రీ అంటే క్రియకు మూడో రూపం) గడువుకు చోటే ఉండదు. అందుచేత 'రామా విల్ హ్యావ్ ఈటెన్ ఎ మ్యాంగో' అని తరగతంతా ఏకకంఠంతో వల్లిస్తుందే గాని, ఎప్పటికి తినేసి ఉంటాడని ఎవరూ అడగరు. అడిగితే సిలబస్ వెనకబడుతుంది. అదే వాక్యాన్ని వ్యతిరేకార్థంలోకీ, ప్రశ్నలోకీ, వ్యతిరేక ప్రశ్నలోకీ తిప్పి, చివరకు పాసివ్ వాయిస్, అనగా కర్మణి ప్రయోగంలోకి మార్చేసరికి పండూ మిగలదు, గంటా మిగలదు.

'ఐ', 'వీ'లకు షల్, తక్కినవారికి విల్ అన్న నియమం మరొకటి. 1653లో జాన్ వాలిస్ లాటిన్‌లో రాసిన ఇంగ్లీషు వ్యాకరణంలో కనిపించే ఈ నియమాన్ని ఇంగ్లీషువారే వాడుకలో చాలావరకు వదిలేసినా, కోచింగ్ మెటీరియల్ దాన్ని వంశపారంపర్యపు ఆస్తిలా కాపాడుతోంది. అంతకన్నా ఇబ్బందికరమైన సంగతి, 1985 నాటి క్వర్క్ బృందం వ్యాకరణమూ, 2002లో హడిల్‌స్టన్, పుల్లమ్‌లు వెలువరించిన కేంబ్రిడ్జ్ వ్యాకరణమూ ఇంగ్లీషుకు భవిష్యత్కాల క్రియారూపమే లేదనీ, విల్ అనేది ఊహనూ సంకల్పాన్నీ కూడా తెలిపే సహాయక క్రియ అనీ తేల్చడం. అయితే ఫీజు పన్నెండు టెన్సులకు వసూలైంది గనుక ఎనిమిది చెప్పి పంపడం న్యాయం కాదు.

ఇంతా చేసి, విల్ హ్యావ్ చేసే పనులు రెండూ తెలుగు విద్యార్థి నోట ముందునుంచే ఉన్నాయి. 'రేపు ఈపాటికి బస్సు విజయవాడ దాటి ఉంటుంది' అన్నప్పుడు గడువు పలుకుతుంది. 'నాన్న ఈపాటికి ఇల్లు చేరి ఉంటాడు' అన్నప్పుడు, కంటితో చూడని గతం మీద ఊహ పలుకుతుంది. ఇంగ్లీషులోనూ 'హి విల్ హ్యావ్ రీచ్డ్ హోమ్ బై నౌ' అంటే అచ్చంగా ఈ ఊహే, అందులో భవిష్యత్తు ఊసే లేదు. పట్టికలో ఇమడని ఈ వాడుకను బోధకులు ప్రస్తావించరు.

నిజానికి నేర్పవలసినది 'బై' అన్న చిన్నమాట. శుక్రవారానికల్లా అనడానికి బై, శుక్రవారం దాకా అనడానికి టిల్ అన్న తేడా తెలిస్తే, 'ఐ విల్ ఫినిష్ ఇట్ బై ఫ్రైడే' అన్న మామూలు వాక్యంతోనే ఆఫీసులో రోజు గడిచిపోతుంది. పట్టిక కంఠస్థం చేసిన ఉద్యోగి మాత్రం రిపోర్టు ఎప్పుడని మేనేజర్ అడిగితే 'టిల్ ఫ్రైడే ఐ విల్ హ్యావ్ కంప్లీటెడ్, సర్' అని ధీమాగా బదులిస్తాడు. గడువు గల్లంతైనా సూత్రం తప్పలేదు గనుక, కోచింగ్ సెంటర్ లెక్కలో అతనికి పూర్తి మార్కులు.